దివ్యమా, అనుమానమా: సిఫిలిస్ రక్తపరీక్ష చెప్పే సాక్ష్యం

వివాదాలను తేల్చడానికి పనికివచ్చే ఆధారాలను యాజ్ఞవల్క్య స్మృతి రెండు తెగలుగా విడదీసింది. పత్రం, భుక్తి అనబడే దీర్ఘకాలపు అనుభవం, సాక్షులు అనే మూడూ మానుష ప్రమాణాలు కాగా, ఇవేవీ దొరకనప్పుడు మాత్రమే ఆశ్రయించవలసినది దివ్యం, అంటే దైవాన్ని సాక్షిగా నిలిపి నిందితుని శరీరం చేతనే నిజం పలికించే పరీక్ష. త్రాసు, అగ్ని, జలం, విషం, కోశం అని ఆ స్మృతి పేర్కొన్న ఐదు దివ్యాలలో కడపటిది పైకి ఎంతో సౌమ్యంగా కనిపిస్తుంది: దేవతామూర్తిని అభిషేకించిన నీటిని నిందితుడు తాగుతాడు, ఆ తరువాత 14 రోజుల లోపల రాజు వల్లగాని దైవం వల్లగాని ఘోరమైన ఆపద రాకపోతే అతడు శుద్ధుడని తేలుతుంది. మనుస్మృతి ఇదే తర్కాన్ని సాక్షులకు కూడా వర్తింపజేసి, సాక్ష్యం పలికిన ఏడు రోజులలోపు ఆ మనిషికి రోగమో, అగ్నిప్రమాదమో, జ్ఞాతిమరణమో సంభవిస్తే అతని చేత అప్పునూ దండుగనూ కట్టించాలని చెప్పింది. రోగం ఇక్కడ చికిత్స చేయవలసిన బాధ కాదు. అది అబద్ధానికి రుజువు.

దివ్యాలు న్యాయస్థానాల నుంచి ఎప్పుడో తొలగిపోయినా, శరీరంలో కనబడిన గుర్తును శీలంపై తీర్పుగా చదివే అలవాటు మాత్రం తొలగలేదు. లైంగిక సంపర్కం వల్ల సంక్రమించే సిఫిలిస్ అనే వ్యాధిని, తెలుగునాట సవాయి రోగమనీ సుఖవ్యాధి అనీ పిలిచినదానిని, పసిగట్టడానికి చేసే రక్తపరీక్షల చరిత్రలో ఈ అలవాటు స్పష్టంగా కనిపిస్తుంది. అందువల్ల ఈ పరీక్ష ప్రమాణాలలో ఏ తెగకు చెందుతుందన్న ప్రశ్నను వైద్యులకు మాత్రమే విడిచిపెట్టడం తగదు. పరీక్ష ఫలితం ఒక అనుమానం, అంటే హేతువును బట్టి సాధ్యాన్ని ఊహించే తార్కిక జ్ఞానం. దానిని సమాజం దివ్యంగా స్వీకరించింది. జరిగిన అన్యాయంలో అధికభాగం ఈ తారుమారు నుంచి పుట్టిందే.

ఐరోపాలో 15వ శతాబ్దం చివర ఈ వ్యాధి విజృంభించినప్పుడు దానికి మొదట దొరికిన వివరణలు మతానివీ జ్యోతిషానివీ. 1484లో వృశ్చిక రాశిలో కలిసిన గురు శనులను కొందరు కారణంగా చూపగా, 1495 ఆగస్టులో జర్మన్ రాజు మాక్సిమిలియన్ వెలువరించిన శాసనం దీనిని దైవదూషణకు వచ్చిన శిక్షగా ప్రకటించింది. వెరోనాకు చెందిన వైద్యకవి ఫ్రకాస్టోరో 1530లో ప్రచురించిన లాటిన్ కావ్యంలో సూర్యదేవుణ్ణి తూలనాడిన సిఫిలస్ అనే గొర్రెలకాపరి ఈ వ్యాధికి గురవుతాడు. వ్యాధికి నేటి పేరు అక్కడిదే. పుట్టుగుడ్డి ఎవరి పాపం వల్ల అలా పుట్టాడని శిష్యులు అడిగినప్పుడు, అతని పాపమూ కాదు, తల్లిదండ్రుల పాపమూ కాదు అని ఏసు బదులిచ్చినట్లు యోహాను సువార్త చెబుతుంది. అయినా అదే సువార్తను నిత్యం చదివిన సమాజాలు ఈ వ్యాధి విషయంలో ఆ జవాబును పక్కనబెట్టాయి. ఇందుకు భిన్నంగా, 16వ శతాబ్దపు ఆయుర్వేద గ్రంథమైన భావప్రకాశంలో భావమిశ్రుడు దీనిని ఫిరంగ రోగమని పిలిచి, ఫిరంగుల, అంటే ఐరోపావారి, శరీరసంపర్కం వల్ల వచ్చే ఆగంతుక వ్యాధిగా, అంటే బయటి కారణం వల్ల కలిగినదిగా వర్గీకరించాడు. పరదేశీయులను వేలెత్తి చూపే ధోరణి అందులో లేకపోలేదు. కానీ కర్మజ వ్యాధుల వర్గం చేతికి అందుబాటులో ఉండి కూడా ఒక వైద్యుడు దానిని వాడుకోకపోవడం గమనించదగిన విషయం.

పాపం వల్ల రక్తం చెడుతుందన్న పాత నమ్మకానికీ ఆధునిక రక్తపరీక్షకూ మధ్య ఉన్న బంధుత్వాన్ని బయటపెట్టినవాడు లుడ్విక్ ఫ్లెక్. ల్వూఫ్ నగరంలో సూక్ష్మజీవశాస్త్రవేత్తగా పనిచేసి, తరువాత నాజీల నిర్బంధ శిబిరాలను చవిచూసి బయటపడిన ఈ యూదు పండితుడు, శాస్త్రీయ సత్యం ఎలా పుడుతుందో వివరిస్తూ 1935లో ప్రచురించిన గ్రంథానికి సిఫిలిస్ రక్తపరీక్షనే ఉదాహరణగా తీసుకున్నాడు. ఈ వ్యాధికి కారణమైన ట్రెపోనెమా పాలిడం అనే మెలికలు తిరిగిన సూక్ష్మజీవిని 1905లో షౌడిన్, హాఫ్‌మన్ బెర్లిన్‌లో గుర్తించగా, మరుసటి సంవత్సరమే ఆగస్ట్ వాసర్‌మన్, ఆల్బర్ట్ నైసర్, కార్ల్ బ్రుక్ రక్తరసంతో చేసే పరీక్షను ప్రకటించారు. ఫ్లెక్ లెక్క ప్రకారం తొలినాళ్లలో ఆ పద్ధతి నిర్ధారితమైన రోగులలో 100కి 15 నుంచి 20 మందిని మాత్రమే పట్టుకోగలిగింది. ఎందరో ప్రయోగశాలల పనివారు పాళ్లనూ పద్ధతులనూ సవరించుకుంటూ పోగా అది 70 నుంచి 90కి చేరింది. అంత బలహీనమైన ఆరంభం తరువాత కూడా ఎవరూ దానిని వదిలిపెట్టకపోవడానికి కారణం, చెడిన రక్తంలో ఏదో ఒక గుర్తు ఉండి తీరాలని శతాబ్దాలుగా సమాజం పట్టుబట్టి ఉండటమేనని ఆయన వాదించాడు. ఒక సమూహం కలిసి ఆలోచించే తీరు ఏది కనిపించాలో ముందే నిర్ణయిస్తుందన్న ఆయన సిద్ధాంతం, 1962లో థామస్ కూన్ తన ప్రసిద్ధ గ్రంథపు ముందుమాటలో ఆయన్ను స్మరించిన తరువాత విస్తృతంగా తెలిసింది.

ఈ కథలో తార్కికులకు మరింత ఆసక్తి కలిగించే మలుపు ఒకటుంది. వాసర్‌మన్ బృందం వ్యాధితో మరణించిన గర్భస్థ శిశువుల కాలేయపు సారాన్ని వాడింది. అందులో సూక్ష్మజీవి ఉన్నందువల్లనే రోగి రక్తం దానితో ప్రతిచర్య చూపుతోందని నమ్మింది. కొద్దికాలంలోనే ఆరోగ్యవంతమైన ఎద్దు గుండె నుంచి ఆల్కహాలుతో తీసిన సారం కూడా అదే పని చేస్తుందని తేలింది. పొగమంచును పొగగా భ్రమించి కొండపై నిప్పు ఉందని ఒకడు ఊహించగా అక్కడ నిజంగానే నిప్పు ఉంటే, ఆ జ్ఞానం ప్రమ, అంటే యథార్థ జ్ఞానం, అవుతుందా అని వేదాంతి శ్రీహర్షుని కాలం నుంచీ భారతీయ తార్కికులు తర్జనభర్జన పడ్డారు. సిఫిలిస్ తొలి రక్తపరీక్ష దాదాపు అటువంటిదే: ఫలితం పనికివచ్చింది, అది ఎందుకు పనికివచ్చిందన్న వివరణ మాత్రం నిలవలేదు.

ఆ గుండె సారంలోని అసలు పదార్థాన్ని 1941లో మేరీ పాంగ్‌బోర్న్ వేరుచేసి కార్డియోలిపిన్ అని పేరు పెట్టింది. అది జీవకణాల లోపలి పొరలలో ఉండే ఒక రకమైన కొవ్వు. ఆసుపత్రి చీటీలలో తెలుగువారికి కూడా పరిచితమైన వీడీఆర్ఎల్ పరీక్ష ఈ కార్డియోలిపిన్‌ను లెసిథిన్, కొలెస్టరాల్‌లతో కలిపిన ద్రావణంతో రూపొందింది. రోగి రక్తరసాన్ని దానితో కలిపినప్పుడు, ఆ కొవ్వుపై పనిచేసే యాంటీబాడీలు, అంటే శరీరం రక్షణ కోసం తయారుచేసుకునే మాంసకృత్తులు, రక్తరసంలో ఉంటే సన్నని తునకలు గుంపుకడతాయి. సూక్ష్మదర్శినిలో ఆ గుంపులను చూసి ఫలితాన్ని రియాక్టివ్ అని రాస్తారు. ఈ పరీక్ష సూక్ష్మజీవిని చూడదు, సూక్ష్మజీవికి ప్రత్యేకంగా ఎదురునిలిచే యాంటీబాడీలను కూడా చూడదు. దెబ్బతిన్న కణాల నుంచి, కొంతవరకు ఆ జీవి దేహం నుంచి బయటపడిన కొవ్వుకు శరీరం ఇచ్చిన సమాధానాన్ని మాత్రమే చూస్తుంది. టీపీహెచ్ఏ వంటి రెండవ తరగతి పరీక్షలు ఆ జీవికి చెందిన పదార్థాలనే వాడతాయి కనుక వాటి గురి మెరుగు. అయితే ఒకసారి రియాక్టివ్ అయినవారిలో అధికులకు, పూర్తిగా నయమైన తరువాత కూడా, ఆ ఫలితం జీవితాంతం అలాగే ఉండిపోతుంది.

కార్యాన్ని చూసి కారణాన్ని ఊహించే ఇటువంటి జ్ఞానాన్ని న్యాయదర్శనం శేషవత్ అనుమానం అంటుంది. ఏరు ఉప్పొంగడం చూసి ఎగువన వాన కురిసిందని తెలుసుకోవడం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. గౌతముని న్యాయసూత్రాలు తామే ఒక ఆక్షేపణను లేవనెత్తుతాయి: దిగువన అడ్డుకట్ట పడినా ఏరు ఉప్పొంగుతుంది కదా, అటువంటప్పుడు అనుమానాన్ని ప్రమాణమని ఎలా నమ్మాలి? సమాధానం భాష్యకారుడైన వాత్స్యాయనునిలో వివరంగా దొరుకుతుంది. వాన వల్ల వచ్చిన వరదకు వడి ఉంటుంది, నురుగు ఉంటుంది, పళ్లూ ఆకులూ కట్టెలూ కొట్టుకువస్తాయి. నీటిమట్టం పెరిగిందన్న ఒక్క అంశాన్నే చూసి తీర్పు చెప్పినవాడు పొరబడితే ఆ దోషం అనుమానానిది కాదు, చాలినంత చూడని మనిషిది. ఆధునిక ప్రయోగశాల పాటించవలసిన నియమం కూడా ఇదే: ఒక తరగతి పరీక్ష ఫలితాన్ని మరో తరగతి పరీక్షతో పోల్చాలి, రక్తరసాన్ని రెట్టింపు చొప్పున పలుచన చేస్తూ ఎంతవరకు ప్రతిచర్య నిలుస్తుందో కొలవాలి, చర్మాన్నీ చరిత్రనూ పరిశీలించాలి, కొన్ని నెలల తరువాత కొలత నాలుగోవంతుకు తగ్గిందా లేదా చూడాలి.

ఏరును పొంగించే అడ్డుకట్టలు ఇక్కడ చాలానే ఉన్నాయి. గర్భం, మలేరియా, వైరస్ జ్వరాలు, వృద్ధాప్యం, శరీరం తన కణాలనే శత్రువులుగా భావించే లూపస్ అనే జబ్బు, కుష్ఠు, వీటిలో ఏదైనా సిఫిలిస్ లేనివారి వీడీఆర్ఎల్‌ను రియాక్టివ్‌గా చూపవచ్చు. దీర్ఘకాలం ఇలా తప్పుడు ఫలితం వచ్చినవారిలో కొందరు ఆ తరువాతి సంవత్సరాలలో లూపస్ బారిన పడ్డారని అమెరికన్ వైద్యుడు జోసెఫ్ ఎర్ల్ మూర్ 1950ల నాటికే గమనించాడు. అంటే రక్తం చెప్పినదానిలో నిజం ఉంది, అడిగిన ప్రశ్నకు మాత్రం అది జవాబు కాదు. యాస్ అనే చర్మవ్యాధి సంగతి ఇంకా జటిలం. సిఫిలిస్ జీవికి అతి దగ్గరి బంధువైన జీవి వల్ల కలిగే ఈ వ్యాధి లైంగికమైనది కాదు, పిల్లలకు ఒంటికి ఒళ్లు తగలడం వల్ల అంటుకునేది. భారతదేశంలో ఆదివాసీ ప్రాంతాలను, వాటిలో తెలుగు నేలలోని ఏజెన్సీలను కూడా, పీడించి, కోయ రోగమని ఒక జాతి పేరునే మోసింది. దేశంలో 2003 తరువాత కేసులు లేకపోగా 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌ను యాస్ రహిత దేశంగా గుర్తించింది. అయితే చిన్నతనంలో యాస్ సోకిన మనిషికి వార్ధక్యంలో చేసిన టీపీహెచ్ఏ కూడా రియాక్టివ్‌గా రావచ్చు, ఈ రెండు వ్యాధులను వేరుచేసి చెప్పగలిగే రక్తరస పరీక్ష వాడుకలో లేదు. ఏనాడో తోటి పిల్లలతో ఆడుకున్నందుకు కలిగిన గుర్తును అతని యౌవనపు నడతకు సాక్ష్యంగా చదివితే, ఆ చదివినవారిది క్షమించరాని అపచారం.

వ్యాధి అరుదుగా ఉన్నచోట అంకగణితం కూడా హెచ్చరిస్తుంది. ఊహకు 10,000 మంది గర్భిణులలో 20 మందికి వ్యాధి ఉందనీ, పరీక్ష ఆ 20 మందినీ పట్టుకుంటూనే వ్యాధి లేనివారిలో 100కి ఒకరిని పొరపాటున రియాక్టివ్‌గా చూపుతుందనీ అనుకుంటే, మొత్తం 120 రియాక్టివ్ ఫలితాలలో సుమారు 100 తప్పుడువి అవుతాయి. 100కి 99 సార్లు సరైన మాట చెప్పే సాక్షి, ఈ సందర్భంలో వేలు చూపిన ప్రతి ఆరుగురిలో ఐదుగురి విషయంలో పొరబడుతున్నాడు.

నాన్ రియాక్టివ్ అన్న ఫలితానికి కూడా పరిమితులున్నాయి. కనబడకపోవడాన్ని లేదనడానికి ఆధారంగా తీసుకోవడాన్ని భాట్ట మీమాంసకులు అనుపలబ్ధి అనే ప్రత్యేక ప్రమాణంగా అంగీకరించారు, అయితే ఒక షరతు పెట్టారు: వస్తువు ఉండి ఉంటే కనబడి తీరవలసిన పరిస్థితిలోనే ఆ ప్రమాణం చెల్లుతుంది. వ్యాధి సోకిన తొలి వారాలలో యాంటీబాడీలు ఇంకా పుట్టవు కనుక అప్పటి నాన్ రియాక్టివ్ ఫలితం ఆ షరతును నెరవేర్చదు. మరింత విచిత్రంగా, వ్యాధి రెండవ దశలో యాంటీబాడీలు అతిగా ఉన్నప్పుడు తునకలు గుంపుకట్టక పరీక్ష శూన్యంగా కనబడవచ్చు. రక్తరసాన్ని పలుచన చేసినప్పుడే నిజం బయటపడుతుంది. శుద్ధుడని ప్రకటించే అధికారం కూడా ఈ పరీక్షకు సంపూర్ణంగా లేదన్నమాట.

ఇంతవరకు చెప్పినది మొదటి అనుమానం, రక్తం నుంచి వ్యాధికి సాగేది. అది ఎన్ని మెలికలు తిరిగినా సవరించుకోదగినది. అసలు ప్రమాదం రెండవ మెట్టులో, వ్యాధి నుంచి శీలానికి వేసే గెంతులో ఉంది. భర్త ద్వారా సోకిన భార్యకూ, బలాత్కారానికి గురైనవారికీ, రక్తమార్పిడి ద్వారా సోకినవారికీ, తల్లి గర్భంలోనే సోకిన శిశువుకూ అదే వ్యాధి, అవే యాంటీబాడీలు. హేతువు ఒక్కటే అయి సాధ్యాలు ఇన్ని ఉన్నప్పుడు తర్కశాస్త్రం దానిని అనైకాంతికమని, అంటే ఏ ఒక్క నిర్ణయానికీ కట్టుబడని హేతువని, కొట్టివేస్తుంది. తెలుగు గడ్డపై పుట్టిన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో పిల్లలకు కూడా అర్థమయ్యేలా వివరించిన హేత్వాభాసాలలో ఇది ఒకటి. పాఠశాలలో ఒక తరం నేర్చుకున్న ఈ పాఠం చట్టసభలలోనూ పెళ్లిచూపులలోనూ ఎందుకు గుర్తుకు రాలేదన్నది బాధ కలిగించే ప్రశ్న. అమెరికాలో కనెటికట్ రాష్ట్రం 1935లో వధూవరులిద్దరికీ ఈ రక్తపరీక్షను తప్పనిసరి చేయగా అనేక రాష్ట్రాలు ఆ బాట పట్టాయి, తరువాతి దశాబ్దాలలో ఒక్కొక్కటిగా వెనక్కు తీసుకున్నాయి. భారతదేశపు 1955 హిందూ వివాహ చట్టం అంటుకునే స్థితిలో ఉన్న సుఖవ్యాధిని విడాకులకు కారణంగా చెప్పింది. ఆ జాబితాలో దాని పక్కనే నిలిచిన కుష్ఠును 2019లో పార్లమెంటు తొలగించింది. అంటుకునే స్థితి అన్న మాట చట్టంలో ఉండటం మంచిదే, ఎందుకంటే పాత యాంటీబాడీలను మాత్రమే చూపే కాగితం ఆ స్థితిని నిరూపించలేదు.

దివ్యంగా మారిన రక్తపరీక్ష ఎంత క్రూరంగా ఉండగలదో అలబామాలోని మేకన్ కౌంటీ చూపింది. అక్కడ 1932 నుంచి 1972 వరకు అమెరికా ప్రభుత్వ ఆరోగ్యశాఖ, వ్యాధి ఉన్న 399 మంది, లేని 201 మంది నల్లజాతి పురుషులను పరిశీలనలో ఉంచి, వారికి రక్తం చెడిందని మాత్రమే చెప్పి, 1940ల చివరికి పెన్సిలిన్ ప్రామాణిక చికిత్సగా స్థిరపడిన తరువాత కూడా దానిని అందకుండా చేసింది. రక్తాన్ని తీసుకున్నారు, లెక్క రాసుకున్నారు, మనిషిని వదిలేశారు. పరీక్షకు ప్రయోజనం రోగికి మేలు కావాలన్న నియమం తెగిపోయినప్పుడు అది జ్ఞానంగా కూడా మిగలదు. ఈ ఘోరం బయటపడ్డాక రూపొందిన సమ్మతి నియమాల స్ఫూర్తి భారతదేశంలోనూ కనిపిస్తుంది. 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం సమ్మతి లేని హెచ్ఐవీ పరీక్షను నిషేధించింది.

కర్మసిద్ధాంతాన్ని నమ్మేవారు ఇక్కడ ఒక అభ్యంతరం చెప్పవచ్చు: ప్రతి వ్యాధి వెనుకా ఏదో ఒక కర్మ ఉన్నప్పుడు, రక్తంలోని గుర్తును కర్మకు గుర్తుగా చదవడంలో తప్పేమిటి? ఈ అభ్యంతరానికి సమాధానం ఆ సిద్ధాంతంలోనే ఉంది. చేసిన పనికీ ఫలానికీ నడుమ నిలిచే శక్తికి వైశేషికులు అదృష్టమని పేరు పెట్టారు, అంటే ఇంద్రియాలకు అందనిది. అందనిదానిని ఒక గాజుపలక మీది తునకలలో చూశానని చెప్పేవాడు సిద్ధాంతాన్ని గౌరవించడం లేదు, అతిక్రమిస్తున్నాడు. చరకసంహిత విమానస్థానంలో దైవం, పురుషకారం రెండూ కలిసి ఆయువును నిర్ణయిస్తాయనీ, అంతా ముందే నిర్ణయమైతే మందులకు అర్థమే ఉండదనీ వాదించింది. అనుభవమంతా పూర్వకర్మ వల్లనే కలుగుతుందన్న అభిప్రాయాన్ని బుద్ధుడు సీవకుడనే పరివ్రాజకునితో సంభాషణలో తోసిపుచ్చి, పైత్యం, శ్లేష్మం, వాతం, ఋతువులు వంటి కారణాల వరుసలో కర్మను ఒకటిగా మాత్రమే నిలిపాడు. ఒక మనిషి తన బాధను తన కర్మగా స్వీకరించి ఓర్చుకోవడం అతని సాధన కావచ్చు. అదే మాటను ఎదుటివాడు అతని ముఖాన విసిరితే, ఆ మాటకు సాధన విలువ ఉండదు, నింద మాత్రమే మిగులుతుంది.

ఈ తేడా ఎక్కడికన్నా ఎక్కువగా గర్భిణుల పరీక్షలో తెలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో వయోజనులలో 80 లక్షల మందికి కొత్తగా సిఫిలిస్ సోకింది, తల్లి ద్వారా శిశువుకు సోకిన సందర్భాలు 7 లక్షలు. తొలిదశలోని వ్యాధికి ఒక్క మోతాదు బెంజాథిన్ పెన్సిలిన్ చాలు, సకాలంలో తల్లికి ఇస్తే బిడ్డను కాపాడుతుంది కూడా. అందుకే గర్భిణి విషయంలో ఒక్క త్వరిత పరీక్ష రియాక్టివ్‌గా వచ్చినా, రెండవ పరీక్ష కోసం ఎదురుచూడకుండా ఆనాడే ఇంజెక్షన్ ఇవ్వమని ఆ సంస్థ సూచిస్తుంది. పైన చెప్పిన లెక్కలో ఆరుగురిలో ఐదుగురు వ్యాధి లేనివారే అయినా ఈ సూచన సరైనదే, ఎందుకంటే అనవసరంగా పడిన ఇంజెక్షన్ వల్ల కలిగే నష్టం స్వల్పం, ఇవ్వకపోతే పోయేది ఒక ప్రాణం. సూది వేయడానికి అనుమానం చాలు. అదే కాగితాన్ని చూసి కోడలి నడతను శంకించే అత్తవారింటికి, అనుమానం నిశ్చయంగా మారినా ఆ హక్కు రాదు. ముందు పరీక్షకు రావలసినవాడు చాలాసార్లు భర్త, అతడు చికిత్స పొందకపోతే భార్యకు వ్యాధి తిరిగి సోకుతుంది.

పుట్టిన బిడ్డ రక్తంలో ఈ ప్రశ్న మరో రూపం ధరిస్తుంది. తల్లి యాంటీబాడీలు జరాయువు గుండా శిశువులోకి ప్రవహిస్తాయి కాబట్టి, ఏ వ్యాధీ సోకని బిడ్డ కూడా రియాక్టివ్‌గా పుట్టవచ్చు. వైద్యులు ఇద్దరి కొలతలనూ పక్కపక్కన పెట్టి, బిడ్డది తల్లికన్నా నాలుగింతలైతే వ్యాధి సోకిందని బలంగా భావిస్తారు, అంత లేనంత మాత్రాన సోకలేదని నిశ్చయించరు. బిడ్డ ఒంటిని పరీక్షిస్తారు, తల్లికి ఎప్పుడు చికిత్స జరిగిందో ఆరా తీస్తారు, వ్యాధి ఉండే అవకాశం కనబడితే వెంటనే మందు ఇస్తారు. తల్లి నుంచి వచ్చినవి మాత్రమే అయితే వీడీఆర్ఎల్‌లో కనబడే యాంటీబాడీలు సాధారణంగా ఆరు నెలలకు, టీపీహెచ్ఏలో కనబడేవి 18 నెలలకు మాయమవుతాయి. అంతవరకు ఆ బిడ్డ నుంచి తీసిన నెత్తురు తల్లి శరీరం పడిన పాటు గురించి చెబుతోందో, బిడ్డ గురించే చెబుతోందో ఒక్క పరీక్షతో ఎవరూ తేల్చలేరు.